చిత్తూరు పక్కన చిన్న కాలేజీలో కన్వీనర్ సీటా, తిరుపతిలో మేనేజ్‌మెంట్ సీటా?

పలమనేరు నాన్న:
మా పాపకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో చిత్తూరు బయట ఒక చిన్న ప్రైవేట్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) వచ్చింది. కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటు కాబట్టి ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మా బావమరిదేమో "అప్పు చేసైనా తిరుపతిలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకో, ఊరు కూడా చదువు చెబుతుంది" అంటున్నాడు. చదివినవాళ్లు చెప్పండి.

పాత స్టూడెంట్:
సార్, నేను అలాంటి కాలేజీలోనే చదివాను, పేరు వద్దు. క్లాసులో నలభై మందిమి. రెండు రోజులు రాకపోతే హెచ్ఓడీ ఇంటికి ఫోన్ చేసేవారు. అది బాగుండేది. కానీ మూడో సంవత్సరంలో ఒకే సబ్జెక్టుకు ముగ్గురు లెక్చరర్లు మారారు. ల్యాబ్‌లో సీఆర్ఓలు (కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే యంత్రాలు) ఆరు, పనిచేసేవి రెండు. మిగతావాళ్లం పక్క బ్యాచ్ రీడింగులు చూసి రాసుకున్నాం. సాయంత్రం కాలేజీ బస్సులు కదిలితే లైబ్రరీకి తాళం. ఇక ఊరంటారా, జూన్ జూలైల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి, బస్సు లేటు. ఆ ఫ్యాక్టరీల్లో సీజన్ పనే కానీ మా బ్రాంచికి ఇంటర్న్‌షిప్ ఎక్కడిది? చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. సినిమాకు వేలూరు పోయేవాళ్లం, అది వేరే కథ.

మదనపల్లె మాస్టారు:
చిన్న ఊరి ప్రైవేట్ కాలేజీ అంటే అంత చులకనా? మదనపల్లెలో బీసెంట్ థియసాఫికల్ కాలేజీ 1915లో పెట్టారు. 1919లో టాగూర్ అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు.

తిరుపతి అద్దెగది:
మాస్టారూ, టాగూర్ వచ్చిన కాలేజీ వేరు, రియల్ ఎస్టేట్ వెంచర్ల మధ్య లేచిన కాలేజీ బిల్డింగులు వేరు. అలాగని తిరుపతి గొప్పా? 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది. మన పాప క్లాసుకు వాటితో పనేముంది? నాకు పనికొచ్చింది పక్క గదిలో గేట్‌కు (ఎంటెక్ ప్రవేశ పరీక్షకు) చదివే అన్న ఒక్కడే. బ్రహ్మోత్సవాలప్పుడు ఆటో దొరకడమే గగనం.

పేరు చెప్పని లెక్చరర్:
లెక్చరర్లు ఎందుకు మారతారో చెబుతాను. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మా దగ్గర జీతాలు ఆగుతాయి. ఎక్కడైనా పని దొరికేవాడు ముందు పోతాడు. అందరూ రీయింబర్స్‌మెంట్ పిల్లలే అయితే దెబ్బ ఎక్కువ. రెండూ జేఎన్టీయూ అనంతపురం అనుబంధ కాలేజీలైతే డిగ్రీ మీద యూనివర్సిటీ పేరు ఒక్కటే, కాబట్టి ఊరి కోసం అప్పు చేయొద్దు, అన్నా. ముందుగా చెప్పకుండా మామూలు రోజు వెళ్లి, ఈసీఈలో ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారో పిల్లల్ని అడగండి, ఆఫీసులో కాదు.

పాత స్టూడెంట్:
క్యాంటీన్ దగ్గర అడగండి సార్. అక్కడ దాచరు.

పలమనేరు నాన్న:
మంగళవారం పోతున్నాను. ఆ సీఆర్ఓ ఎట్లుంటుందో ఎవరైనా ఫొటో పెట్టండి, నేను టెంకాయల వ్యాపారిని.