కుప్పం ఒకే మనిషిని 8 సార్లు గెలిపించింది: నమ్మకమా, అలవాటా?

తిరుపతి వాసి:
చంద్రబాబు నాయుడు గారు 1978లో చంద్రగిరిలో మొదటిసారి గెలిచారు. సొంతూరు నారావారిపల్లె ఉన్న ఆ చోటే 1983లో ఆయన్ని ఓడించింది. 1989లో కుప్పం పోయారు, 2024 దాకా వరసగా 8 గెలుపులు. ఓడిపోతాననే భయం లేని ఎమ్మెల్యేకి జనం గోడు ఎందుకు పడుతుంది? నన్నడిగితే ఇది అలవాటు ఓటే.

శాంతిపురం పిల్లోడు:
అన్నా, అలవాటు అనేముందు లెక్క చూడు. 2014లో 47 వేల మెజారిటీ ఇచ్చినోళ్లమే 2019లో 30 వేలకు దించినాం. 2021లో కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైసీపీకి ఇచ్చినాం. మళ్లీ 2024లో 48 వేలు. కళ్లు మూసుకుని వేసే ఓటు ఇట్లా ఎక్కీ దిగీ ఉంటాదా?

ఆయన రాకముందు కుప్పం అంటే జిల్లాకే ఒక మూల. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. ఇజ్రాయెల్ పద్ధతి డ్రిప్ సేద్యం మా చేలల్లోనే మొదట చూపించినారు. ముఖ్యమంత్రి మా ఎమ్మెల్యే కాకుంటే ఇవి ఇంత దూరం వచ్చేవా?

పలమనేరు రైతు:
తమ్ముడూ, యూనివర్సిటీ సంగతి సరే. మరి రెవెన్యూ డివిజన్? 2022 దాకా మీరు ఆర్డీవో సంతకానికి మదనపల్లెకే కదా తిరిగింది. అప్పటికే ఆయన 14 ఏళ్లు ముఖ్యమంత్రిగా చేసినారు. చివరికి ప్రతిపక్షంలో కూర్చుని అడిగితే జగన్ ప్రభుత్వం ఇచ్చింది. మా చేలకు నీళ్లు తెచ్చే హంద్రీ-నీవా కాలువ కథా అంతే. 2024 ఫిబ్రవరిలో జగన్ గేటెత్తినారు, 2025 ఆగస్టులో చంద్రబాబు హారతి ఇచ్చినారు. శ్రీశైలం నీళ్లు 700 కిలోమీటర్లకు పైగా ఎత్తుకుంటూ రావాల, కష్టమే, ఒప్పుకుంటా. కానీ 1989లో ఓటేసిన రైతు ఆ నీళ్లు చూసేసరికి ముసలోడైపోయినాడు.

తెల్లారుజామున కుప్పం స్టేషన్‌కి పోయి చూడు. టిఫిన్ క్యారియర్ సంకలో పెట్టుకుని బెంగళూరు బండి కోసం ప్లాట్‌ఫారం నిండా పిల్లోళ్లు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు. ఇన్నేళ్ల పెద్ద మనిషి ఉన్న ఊర్లో పని ఎందుకు లేదని అడగడం తప్పా?

శాంతిపురం పిల్లోడు:
తప్పు కాదన్నా. ఆ బండిలో మా ఇంటి పిల్లోళ్లూ పోతా ఉండారు. ఆర్డీవో ఆఫీసు విషయంలో నువ్వు చెప్పిందే నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ కోపంతో ఎమ్మెల్యేని మారిస్తే మాకు దక్కేదేంది? కొత్తగా వచ్చేవాళ్ల మాట సెక్రటేరియట్‌లో ఎవరు వింటారు? మా ఓటు వెనక ఉండేది ఈ లెక్కే. నీళ్ల సంగతి మాత్రం ఇప్పుడు గట్టిగా పట్టుకోవాల. రామకుప్పం, గుడిపల్లె మండలాల్లో ఏ చెరువుకు ఏ నెలలో ఎన్ని రోజులు నీళ్లు వదిలినారో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాయించమని అర్జీ రాస్తా ఉండాము. సంతకం చేసేవాళ్లు ఏ పార్టీ అయినా రండి.