దిష్టిబొమ్మా, బూచిబొమ్మా, కొరివిదెయ్యమా?

ప్రశ్న: మేముండేది న్యూజెర్సీలో. అక్టోబర్ 31న హాలోవీన్, ఇళ్ల ముందు దెయ్యాల బొమ్మలు పెట్టే పండుగ. ఇంటి ముందు తోటలో పాతడానికి అర అంగుళం ప్లైవుడ్ మీద పెన్సిలుతో గీసి, జిగ్‌సాతో కోసి, గుమ్మడికాయ, నల్లపిల్లి, తెల్లదెయ్యం చేశాను. పోయినేడు అంచులకు రంగు వేయకుండా వదిలేస్తే వాననీళ్లు తాగి చెక్క పొరలు పొరలుగా విచ్చుకుంది. అందుకే ఈసారి అంచులకు రెండు పూతలు ఎక్కువ వేశాను. ఫోనులో చూపిస్తే మా అమ్మ, “దిష్టిబొమ్మలు బాగున్నాయి, ఎవరి కన్ను పడిందిరా?” అంది. ఆ మాట వీటికి అతుకుతుందా?

జవాబు: అతకదండీ. దృష్టికి వికృతి దిష్టి. కడుతున్న ఇంటికి వేలాడదీసే బొమ్మకు కోరలూ మిడిగుడ్లూ పెట్టేది ఎవరినో జడిపించడానికి కాదు, వచ్చేపోయేవారి చూపు ముందుగా దాని మీద పడాలని. చేలో గడ్డిబొమ్మకు రెండు పనులు: పిట్టలను బెదరగొట్టాలి, పచ్చని పైరు మీద పడే కన్నునూ లాక్కోవాలి. ఇక పత్రికల్లో రోజూ కనిపించే ‘దిష్టిబొమ్మ దహనం’లో దిష్టి ఎప్పుడో ఎగిరిపోయింది, తగలబెట్టడానికి బొమ్మ మాత్రం మిగిలింది. మీ పిల్లి ఈ మూడింట్లో ఏ పనీ చేయడం లేదు.

మరొకరు: బూచిబొమ్మ అనండి. అన్నం తినకపోతే బూచాడొస్తాడని మనం పిల్లలను బెదిరిస్తాం. అక్కడ పిల్లలే బూచులై తలుపు కొట్టి మిఠాయి పట్టుకెళ్తారు. అన్నట్టు, మనం గుమ్మానికి కట్టేది బూడిదగుమ్మడి, వాళ్లు చెక్కేది కూర వండుకునే తియ్యగుమ్మడి. ఆ రెండూ కలిపేయకండి.

ఇంకొకరు: పిల్లికి, దెయ్యానికి బూచిబొమ్మ సరే. గుమ్మడికి మాత్రం మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది: కొరివిదెయ్యం. ఇంగ్లీషులో జాక్-ఓ-లాంటర్న్ అన్న పేరు తొలిచి దీపం పెట్టిన గుమ్మడికాయకు రాకముందే, రాత్రిళ్లు చిత్తడి నేలల మీద తచ్చాడే వెలుగుకు ఉండేది. ఐర్లండులో టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వచ్చాక చేతికి గుమ్మడి దొరికింది. కొరివి అంటే మండుతున్న కట్టె. అది పట్టుకుని ఊరి పొలిమేరలో వెలుగుతూ ఆరుతూ తిరిగేదే మన కొరివిదెయ్యం. రెండు ఊళ్లవాళ్లూ ఒకే వెలుగును చూసి జడుసుకున్నారు.

మొదటి జవాబిచ్చినవారు: బాగుంది, కానీ చెక్క గుమ్మడిలో కొరివి ఏదీ?

ప్రశ్న అడిగినవారు: ఉందండీ. కళ్లూ నోరూ కోసేసి, వెనక బ్యాటరీ దీపం బిగించాను. కొరివిదెయ్యమనే ఖాయం చేసుకుని అమ్మకు చెప్పాను. “తలకొరివి గుర్తొచ్చే మాట ఇంటి ముందు ఎవరైనా అంటారా? నేను దిష్టిబొమ్మ అనే అంటాను” అంది.