ఒక్క కిడ్నీతో క్వారీ పనికి పోవచ్చా?

చీమకుర్తి బామ్మర్ది:
మా బావకు 46 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని. పోయిన దసరాకు ముందు వాళ్ల అన్నకు కిడ్నీ ఇచ్చాడు. అప్పుడు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 0.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) 106. ఆరు నెలల తర్వాత ఇప్పుడు 1.3, 68. ఆ కాగితం చూసినప్పటి నుంచి మా అక్క సరిగ్గా అన్నం తినడం లేదు. మళ్లీ ఆ రాళ్లలోకి పోతే పుట్టింటికి వచ్చేస్తానంటోంది. బావేమో "నేను ఇచ్చినోణ్ణి, తీసుకున్నోణ్ణి కాదు. నాకేం రోగం?" అంటాడు. ఎవరిది కరెక్టు?

ఒంగోలు ల్యాబ్:
మీ బావదే. లెక్క చూడు తమ్ముడూ. రెండిట్లో ఒకటి తీస్తే 106లో సగం, అంటే 53 మిగలాలి. 68 ఉందంటే మిగిలిన కిడ్నీ రెండో దాని పని కూడా కొంత నెత్తినేసుకుంది. దానికి రక్తం ఎక్కువ పారుతుంది, ఒక్కో నెఫ్రాన్ (కిడ్నీలోని చిన్న జల్లెడ) ఎక్కువ వడపోస్తుంది, సైజు కూడా కాస్త పెరుగుతుంది. కొత్త నెఫ్రాన్లు మాత్రం పుట్టవు. అందుకే మళ్లీ 106 రాదు. చాలామంది దాతలకు పాతదాంట్లో మూడింట రెండు వంతుల దగ్గర నిలబడుతుంది. మీ బావది అచ్చం అదే.

ఇంకోటి. మధ్యాహ్నం మటన్ తిని సాయంత్రం రక్తమిచ్చినా క్రియాటినిన్ కాస్త పైకి చూపిస్తుంది. ఆదివారం సాయంత్రాలు మా దగ్గర ఇదే గోల.

కావలి అబ్బాయి:
ఇట్లాంటి ధైర్యాలే మాకూ చెప్పారన్నా. కిడ్నీలో రాళ్లతో పాడైందని మా నాయనకు ఎడమ కిడ్నీ తీశారు. ఒకటి చాలన్నారు. పదకొండో ఏట డయాలసిస్, వారానికి మూడు సార్లు. స్టెప్నీ లేకుండా లారీ నడుస్తుంది, కాదనను. అట్లని ఘాట్ ఎక్కిస్తామా?

అమెరికాలో 96 వేల మంది దాతల లెక్క 2014లో వచ్చింది. 15 ఏళ్లలో పది వేలకు సుమారు 31 మందికి కిడ్నీ ఫెయిలైంది. అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనోళ్లలో నలుగురికే. దాదాపు ఎనిమిది రెట్లు.

ఒంగోలు ల్యాబ్:
ఆ లెక్కలోనే మిగతా 9,969 మందికి ఫెయిల్ కాలేదు. అదీ చెప్పు. మీ నాయనగారి విషయం అడుగుతున్నానని ఏమనుకోవద్దు. తీసేముందు స్కాన్‌లో ఆ కిడ్నీ ఎంత పనిచేస్తోందన్నారు? షుగర్ ఉండేదా?

కావలి అబ్బాయి:
8 శాతం అన్నట్టు గుర్తు. షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్లలు కూడా ఏళ్ల తరబడి మింగాడు.

ఒంగోలు ల్యాబ్:
అయితే ఆపరేషన్‌కు చాలా ముందు నుంచే ఆయన ఒక్క కిడ్నీ మీద ఉన్నాడబ్బా. తీసిందేమో పనిచేయనిది. ఉన్నదాన్ని షుగరూ బిళ్లలూ తినేసి ఉంటాయి. అన్ని పరీక్షలూ పాసైతేనే దాతగా తీసుకుంటారు. మీ నాయన్నీ వాళ్ల బావనీ ఒక గాటన కట్టలేం.

పొగాకు బ్యారన్:
రోజూ ఆరు లీటర్ల నీళ్లు తాగించండి, కిడ్నీ కడిగినట్టు ఉంటుంది. ఏ పనైనా చేసుకోవచ్చు.

నెల్లూరు సిస్టర్:
కిడ్నీ బిందె కాదండీ కడగడానికి. దాహానికి, చెమటకు తగ్గట్టు తాగాలి, మూత్రం ముదురు పసుపులోకి పోకుండా చూసుకోవాలి. పంతానికి లీటర్లు పోస్తే సోడియం పడిపోయి కళ్లు తిరుగుతాయి.

నేను డయాలసిస్ వార్డులో చేస్తాను. మీరంతా కిడ్నీలు లెక్కపెడుతున్నారు. నాకు ఎండంటేనే భయం. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు నరికే కూలీలకు షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. వాళ్లకు రెండు కిడ్నీలూ ఉన్నాయి. ఎండలో ఒళ్లు విరుచుకుని చేసే పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం అందులో పెద్ద కారణమంటున్నారు. రోహిణి కార్తెలో క్వారీ గుంత ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా?

క్రియాటినిన్ ఒక్కటే చూడకండి. యూరిన్ ఏసీఆర్, అంటే మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూసే పరీక్ష చేయించండి. 30 లోపు ఉండి, బీపీ సరిగ్గా ఉంటే పని మాన్పించక్కర్లేదని నా అభిప్రాయం. చేసే వేళలు మార్చుకోవాలి. వీపు నొప్పికని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మాత్రం ముట్టకూడదు. చెమటతో ఒళ్లెండిపోయినప్పుడు అవి కిడ్నీకి పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

క్వారీ కార్మికుడు:
వేళలు మార్చుకోవాలంట! మేస్త్రీని మీరొచ్చి అడగండమ్మా. పన్నెండింటికి దిగిపోతే సగం కూలే.

నెల్లూరు సిస్టర్:
సగం కూలి ఎంతో నాకు తెలీదు బాబూ. డయాలసిస్‌కు వారానికి మూడు రోజులు మనిషికి తోడొచ్చేవాళ్ల కూలి కూడా పోవడం రోజూ చూస్తున్నా.

చీమకుర్తి బామ్మర్ది:
సిస్టర్ గారూ, ఏసీఆర్ చేయించాం. 12 వచ్చింది. బీపీ 124/80. అక్క ఈ రెండు రోజులూ కాస్త తేలికపడింది. ఎండలు పోయేదాకా పొద్దున ఐదు నుంచి పదకొండు దాకే చేస్తానని బావ ఒప్పుకున్నాడు. మేస్త్రీ ఇంకా ఏమీ తేల్చలేదు.

మీరు బిళ్లల సంగతి రాశారని క్వారీకి పట్టుకెళ్లే బావ క్యారేజీ సంచి తీసి చూశా. మజ్జిగ సీసా కింద డైక్లోఫెనాక్ షీటుంది. పదిలో నాలుగే మిగిలున్నాయి. అక్కకింకా చెప్పలేదు.