గాలే కోటలో ఒకటిన్నర రోజు, అమ్మతో కలిసి నడక: ఎక్కడ మొదలుపెట్టాలి?

రైలుకిటికీ:
వచ్చే నెల నేనూ అమ్మా శ్రీలంక వెళ్తున్నాం. కొలంబో నుంచి పొద్దున రైల్లో గాలే చేరి, రాత్రి కోట లోపలే ఉండి, మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాలని అనుకుంటున్నాం. పాత ఊరంతా కాలినడకనే చూడాలని నా కోరిక. అమ్మకి 66 ఏళ్ళు, మోకాళ్ళు అంతంతమాత్రం. అయినా "నువ్వు నడిచినంత నేనూ నడుస్తా" అంటుంది, నా టెన్షన్ అంతా అదే. మ్యాప్‌లో చూస్తే అరచేతిలో పట్టేంత ఊరులా ఉంది. ముందు గోడ ఎక్కాలా, వీధులు తిరగాలా? గైడ్ అవసరమా?

ఉప్పుగాలి:
రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఏప్రిల్‌లో రైలు దిగి, పన్నెండింటికి తిన్నగా కోటగోడ ఎక్కేశాను. బుద్ధిలేని పని. గాలే భూమధ్యరేఖకి ఆరు డిగ్రీల దూరంలోనే ఉంది కదా, ఏప్రిల్ మొదట్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నా నీడ నా చెప్పుల కిందే దాక్కుంది! గోడ మీద తల దాచుకునే చోటు దాదాపు లేదు. సగం చుట్టి, కళ్ళు తిరిగి, దిగిపోయాను. ఆ పూట ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

కాబట్టి గోడ సాయంత్రానికి, వీధులు పొద్దుటికి. మధ్యాహ్నం అమ్మగారిని పడుకోబెట్టండి, మీరూ పడుకోండి.

మొదటి రోజు నాలుగున్నరకి గడియార స్తంభం దగ్గర గోడ ఎక్కండి. అక్కడున్నవి సూర్య, చంద్ర, నక్షత్ర బురుజులు. 1588లో పోర్చుగీసువాళ్ళు నేల వైపు మాత్రమే గోడ కట్టారు, సముద్రం వైపు సముద్రమే కాపలా అనుకున్నారు కాబోలు. 1640లో కోట డచ్చివాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు ఏ వైపునీ నమ్మలేదు, రాయితో చుట్టూ బిగించేశారు. మొత్తం 14 బురుజులు. గోడ రాళ్ళని దగ్గరగా చూడండి, మధ్యమధ్యలో చిల్లులు చిల్లులుగా కనిపించేది పగడపు రాయి.

అక్కడి నుంచి పడమటి గోడ పట్టుకుని ఫ్లాగ్ రాక్ అనే బురుజు దాకా వెళ్తే పొద్దుగుంకే వేళకి సరిపోతుంది. ఆ తర్వాత లైట్‌హౌస్ దగ్గర దిగిపోండి. పూర్తిగా చుట్టి రావాలన్న పట్టుదల వద్దు. ఆ లైట్‌హౌస్ మరీ పాతదేం కాదు, 1939లో కట్టింది. దాని ఎదురుగా ఉన్న మీరా మసీదుని మాత్రం తీరిగ్గా చూడండి. రెండు బురుజులతో అచ్చం చర్చిలా ఉంటుంది. నేను మొదటిసారి చర్చే అనుకుని ఫొటో కింద అలాగే రాసి, అందరిచేతా తిట్లు తిన్నాను.

మర్నాడు ఆరున్నరకే వీధుల్లోకి వెళ్ళండి. నాకు ప్రాణం లేన్‌బాన్ వీధి. డచ్చిలో ఆ పేరుకి తాళ్ళు పేనే దారి అని అర్థం. ఓడ తాడు పేనాలంటే ఎంత పొడుగు తాడైతే అంత పొడుగు తిన్నని చోటు కావాలి. ఆ సంగతి తెలిశాక వీధి వంకర లేకుండా ఎందుకుందో కళ్ళకి కట్టింది. తర్వాత పాత ద్వారం. బయటివైపు ఇంగ్లిషు రాజముద్ర, లోపలివైపు డచ్చి ఈస్టిండియా కంపెనీ చిహ్నం, పైన కోడిపుంజు, 1669 అన్న అంకె. బయటి నుంచి లోపలికి నాలుగడుగులు వేస్తే ఏలిన దొరలు మారిపోతారు. 1873లో పెద్ద ద్వారం తెరిచేదాకా ఊరికి ఇదొక్కటే దారి. ఓపిక ఉంటే 1755 నాటి డచ్చి చర్చి చూడండి. నేలంతా సమాధి రాళ్ళే, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బందిపడ్డాను.

గైడ్ అక్కర్లేదు. దారి తప్పినా ఏదో ఒక గోడకే తగులుతారు.

మెట్లలెక్క:
పైన చెప్పిన వేళలు సరే. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని అంత దూరం గోడ మీద నడిపించడం నాకు నచ్చలేదు. పైనంతా గడ్డి, గుంతలు. చాలాచోట్ల అంచుకి పిట్టగోడ లేదు. చీకటి పడ్డాక మరీ జాగ్రత్త. మా అత్తయ్యని లైట్‌హౌస్ దగ్గర మాత్రం ఎక్కించి, అరగంట కూర్చోబెట్టాం, ఆవిడకి అదే చాలింది. మిగతా గోడ ఒక్కరే తిరిగి రండి.

నేను మురుగుకాలవల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట. డచ్చివాళ్ళు వీధుల కింద కాలవలు కట్టి, సముద్రం పోటు వచ్చినప్పుడు ఆ నీరే వాటిని కడిగి చెత్తను లాక్కుపోయేలా ఏర్పాటు చేశారు. పంపు లేదు, మోటారు లేదు. జనం గోడనే పొగుడుతారు, నాకైతే ఈ కాలవలు కట్టినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది. 2004 సునామీలో కోట బయటున్న క్రికెట్ స్టేడియం నాశనమైంది, గోడల వెనకున్న ఊరు చాలావరకు నిలబడింది.

ఓజావికెట్:
స్టేడియం మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా. 2010లో మురళీధరన్ 800వ వికెట్ తీసింది ఇక్కడే. అవుటైంది మన హైదరాబాద్‌కి కూడా ఆడిన ప్రజ్ఞాన్ ఓజా! మ్యాచ్ ఉన్న రోజైతే కోటగోడ మీద నుంచే చూడొచ్చు.

ఇంకోటి, కొలంబోలో ఖాళీ ఉంటే నేషనల్ మ్యూజియంలో గాలే శాసనం చూడండి. చైనా నావికుడు జెంగ్ హె పేరున 1409లో చెక్కిన రాయి. చైనీసు, తమిళం, పర్షియన్ మూడూ ఒకే రాతి మీద. 1911లో గాలేలోనే దొరికింది.

రైలుకిటికీ:
అందరికీ థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. "అరగంట కూర్చోబెడితే చాలు" అన్న చోట మొహం మాడ్చుకుంది. సగం గోడ దగ్గర రాజీ కుదిరింది. చివరి డౌట్: రైల్లో సముద్రం ఏ వైపు?

ఉప్పుగాలి:
వెళ్ళేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ. పేరే రైలుకిటికీ అని పెట్టుకున్నారు గానీ, ఆ సీటు అమ్మగారికి ఇచ్చేయండి.