క్రోనో ట్రిగ్గర్: ముప్పై ఏళ్లు దాటినా ఎందుకు ఆడుతున్నాం?

పాతక్యాసెట్: 1995 మార్చిలో జపాన్‌లో సూపర్ ఫామికామ్ (బయటి దేశాల్లో సూపర్ నింటెండో) అనే గేమ్ యంత్రం మీద విడుదలైన ఈ కాలప్రయాణపు వీడియో గేమ్‌ను ఇప్పటికీ కొత్తవాళ్లు మొదలుపెడుతున్నారు, పాతవాళ్లు మళ్లీ ఆడుతున్నారు. ఫైనల్ ఫాంటసీ గేమ్‌ల సృష్టికర్త సకాగుచి, డ్రాగన్ క్వెస్ట్ గేమ్‌ల సృష్టికర్త హోరీ, బొమ్మలు గీసిన తొరియామా ఒకచోట చేరడం విశేషమే గాని, పేర్ల బలం ఇన్నేళ్లు నిలబెట్టదు. మీ అనుభవాలు రాయండి.

మూడోసేవ్: నన్ను కట్టిపడేసింది కోర్టు ఘట్టం. జాతరలో ఎవరిదో భోజనం తినేయడం, తప్పిపోయిన పిల్లిని పాపకు చేర్చడం, ఢీకొని పడిపోయిన మార్ల్ అనే అమ్మాయిని పలకరించకుండా ముందుగా లాకెట్ తీసుకోవడం ఆటలో మామూలు పనులే అనుకుంటాం. తీరా రాకుమారి అయిన ఆమెను అపహరించాడంటూ కథానాయకుణ్ని బోనెక్కించినప్పుడు వాటినే సాక్ష్యాలుగా మన ముందు పెడతారు. ఏ తీర్పు వచ్చినా చెరసాల తప్పదనుకోండి, అది వేరే సంగతి.

గడుసుబాస్: ఇందులో సగం చిన్ననాటి మమకారమేనని నా అభిప్రాయం. పోరాటాలు తేలిక, కథానాయకుడు దాదాపు నోరు విప్పడు, జట్టులోని ఆదిమకాలపు ఐలా పాత్రకు రాసింది చాలా తక్కువ.

రాత్రిబస్సు: గడుసుబాస్ గారూ, నేను ఉద్యోగంలో చేరాక ఫోన్‌లో మొదటిసారి ఆడాను కనుక మమకారానికి అవకాశమే లేదు. ఐలా విషయంలో మీ మాట నిజమే. కాని జట్టులోని మరమనిషి రోబో అడవి కథ చూడండి. 600వ సంవత్సరంలో ఎడారిని అడవిగా మార్చే పనికి అతణ్ని వదిలి, మనం ఒక్క క్షణంలో 1000వ సంవత్సరానికి వచ్చేస్తాం. అతను మాత్రం నాలుగు వందల ఏళ్లు పనిచేసి, గుడిలో కదలిక లేకుండా కనిపిస్తాడు. బాగుచేశాక మంట చుట్టూ కూర్చుంటారు. ఆ రాత్రి జట్టులో యంత్రాలు తయారుచేసే లూకా ఒక్కతే లేచి, పదేళ్ల వెనక్కి వెళ్లి, యంత్రంలో చిక్కుకున్న తల్లి కాళ్లను కాపాడే ప్రయత్నం చేస్తుంది. సూపర్ నింటెండోలో ఆ యంత్రాన్ని ఆపాలంటే ఎల్, ఎ, ఆర్, ఎ బటన్లు వరుసగా నొక్కాలి. అది తల్లి లారా పేరే. సమయానికి నొక్కలేకపోతే ఆమె ఇక నడవలేదు, ఆట మాత్రం ఆగకుండా సాగిపోతుంది. నాకు చెమటలు పట్టాయి.

మూడోసేవ్: సంగీతం కూడా. మిత్సుదాకు స్వరకర్తగా ఇదే తొలి పని. మధ్యలో ఆయన జబ్బుపడితే మిగిలిన భాగాలను ఫైనల్ ఫాంటసీ సంగీతకర్త ఉయెమత్సు పూర్తిచేశారు.

గడుసుబాస్: లారా ఘట్టం నేను ఒప్పుకుంటాను. పోరాటానికి వేరే తెర రాకుండా, నడుస్తున్న చోటే శత్రువులు ఎదురుపడడం కూడా ఆ కాలానికి హాయిగా ఉండేది. ఇద్దరు, ముగ్గురు కలిసి వేసే టెక్‌లు (ప్రత్యేక దాడులు) ప్రయత్నించడానికే జట్టు మార్చేవాణ్ని. తేలిక అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాతక్యాసెట్: తేలిక అనిపించినవారు, ఆట ముగించాక సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటి నుంచి ఆడే న్యూ గేమ్ ప్లస్ మొదలుపెట్టి, జాతరలోనే లూకా యంత్రం కుడివైపు నుంచి నేరుగా ఆటలోని చివరి శత్రువు లావోస్ దగ్గరకు వెళ్లవచ్చు. ఎప్పుడు ఓడించారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. మరీ తొందరగా ఓడిస్తే గేమ్ తయారుచేసినవారే పలకరిస్తారు.

కొత్తకంట్రోలర్: ఇప్పుడు మొదలుపెట్టేవారు ఏ వెర్షన్ తీసుకోవాలి?

రాత్రిబస్సు: 2018లో స్టీమ్ అనే కంప్యూటర్ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణానికి వచ్చినప్పుడు బొమ్మల నాణ్యత, మెనూల మీద చాలా ఫిర్యాదులు వచ్చాయి గాని, తరువాతి ప్యాచ్‌లలో చాలావరకు సరిచేశారు. కంప్యూటర్ ఉంటే అదే చాలు. జాతరలో ఆ భోజనం జోలికి మాత్రం వెళ్లకండి.