అమ్మానాన్నల్ని టేట్ మోడర్న్‌కి తీసుకెళ్తే విసుగొస్తుందా?

స్లౌ_అమ్మాయి

అందరికీ నమస్తే. మా అమ్మానాన్న ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి నెలన్నర అయింది. టవర్ బ్రిడ్జి, బ్రిటిష్ మ్యూజియం, నీస్డెన్ గుడి అన్నీ చూసేశారు, ఇంకో పది రోజుల్లో ప్రయాణం. శనివారం ఇక్కడ లండన్‌లో టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్దామని నాకు ఆశ. ఈ ఊళ్ళో నాకు మనసు బాగోనప్పుడల్లా వెళ్ళి కూర్చునే చోటు అదే, అది చూపించకుండా వాళ్ళని పంపేస్తే నా ఇంట్లో ఒక గది చూపించనట్టే ఉంటుంది. కానీ నాన్నగారు, వీటీపీఎస్‌లో (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్) 31 ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరయ్యారు, "ఆ గీతలూ మరకలూ మనకేం తెలుస్తాయమ్మా, మీరు వెళ్ళిరండి" అంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు తగిలింది ఏదీ ముట్టదు. రోజంతా గడపగలమా? కేఫ్‌లో ఆవిడకి ఏమైనా దొరుకుతుందా?

పులిహోర_పొట్లం

మా అత్తగారితో వెళ్ళాం. లిఫ్టులున్నాయి, వీల్‌చైర్ అడిగితే ఊరికే ఇస్తారు, మొహమాటపడకండి. మామూలు గదులకి టికెట్ లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే డబ్బులు, ఆ జోలికి పోవద్దు. గుడ్డు లేనివి ఏవో కౌంటర్లో అడిగితే చెప్తారు గానీ, కేకుల్లో గుడ్డు ఉండొచ్చు, అడక్కుండా తీసుకోకండి. నేనైతే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాను. మధ్యాహ్నం బయట నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని తిన్నాం, కేఫ్‌లో టీ మాత్రం తాగాం.

ఈస్ట్‌హామ్_77

నా మాట వేరేగా ఉంటుంది, ఏమనుకోకండి. ఇష్టం లేదన్న పెద్దవాళ్ళని బలవంతంగా తిప్పితే ఆ రోజంతా మన కోసం నవ్వుతూ ఉంటారు, అది చూడలేం. మా నాన్న అలాగే నడిచారు పాపం.

గ్రిడ్_ఇంజినీర్

అమ్మాయ్, మీ నాన్నగారు వీటీపీఎస్ అన్నావు కాబట్టి ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ మ్యూజియం ఒకప్పుడు పవర్ స్టేషన్! బ్యాంక్‌సైడ్ అంటారు, మనలా బొగ్గుది కాదు, ఆయిల్ మీద నడిచేది. 1981లో మూసేశారు, 2000లో మ్యూజియంగా తెరిచారు. నువ్వు నడిచే ఆ పెద్ద హాలు పేరే టర్బైన్ హాల్, 155 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు. బొమ్మలు పెట్టిన గదుల వైపు బాయిలర్ హౌస్ ఉండేది. కింద గుండ్రటి గదులు ఆయిల్ ట్యాంకులు. చిమ్నీ 99 మీటర్లే, ఎందుకంటే నదికి అవతల ఉన్న సెయింట్ పాల్స్ గోపురాన్ని మించకూడదని. కాబట్టి ఆయన్ని బొమ్మలు చూడ్డానికి రమ్మనకు, పవర్ హౌస్ చూద్దాం రమ్మను. నది వైపు నుంచి కాకుండా పడమటి గుమ్మం నుంచి తీసుకెళ్ళు, నేల వాలుగా దిగుతూ హాలంతా ఒక్కసారి కనిపిస్తుంది. అమ్మగారిని మాత్రం ఆ వాలు మీద నడిపించకు.

స్లౌ_అమ్మాయి

నిన్న వెళ్ళొచ్చాం. గ్రిడ్_ఇంజినీర్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

పవర్ హౌస్ అనగానే నాన్నగారు చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరారు. వాలు దిగుతూ సగంలో ఆగిపోయి తల పైకెత్తి, "అదిగో ఈఓటీ క్రేన్, ఇంకా అలాగే ఉంచారు" అన్నారు. పైన పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ అది. నేను అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆ క్రేన్ వైపు చూడలేదు. ఓవర్‌హాలింగ్‌లో రోటర్‌ని, అంటే టర్బైన్‌లో తిరిగే బరువైన భాగాన్ని, దాంతో ఎలా ఎత్తుతారో, అది గాలిలో ఉన్నంతసేపూ కింద ఎవరూ గట్టిగా మాట్లాడరని చెప్పారు. కాసేపటికి చెయ్యెత్తి మమ్మల్ని ఆగమన్నారు. "హమ్మింగ్ వినిపిస్తోందా? ట్రాన్స్‌ఫార్మర్." నిజమే, దక్షిణం వైపు సబ్‌స్టేషన్ ఇంకా పనిచేస్తోందట. నేలలో ఒక పొడుగాటి అతుకు కనిపిస్తే అక్కడ కూర్చుని వేలితో రాసి చూశారు. 2007లో డోరిస్ సాల్సెడో అనే కొలంబియా ఆవిడ హాలు పొడవునా నేలని చీల్చి కళగా చూపించింది, తర్వాత పూడ్చేశారు, ఆ మచ్చ ఇది అని చెప్పాను. మనుషుల మధ్య గీతలు గీసి కొందరిని బయటే ఉంచేయడం గురించి ఆవిడ చేసిన పని అది. ఆయన చాలాసేపు లేవలేదు. "పూడ్చినా తెలుస్తోంది చూడు" అన్నారంతే.

అమ్మకి నచ్చింది వేరే. రోత్‌కో అనే చిత్రకారుడి బొమ్మలున్న గదిలో వెలుతురు తక్కువ, మధ్యలో బెంచీ ఉంది, మోకాళ్ళ కోసం కూర్చుంది. ముదురు ఎరుపు, నలుపు, అంతే కదా అనుకున్నాను. "దీపం పెట్టకముందు దేవుడి గదిలా ఉంది" అంది, ఇరవై నిమిషాలు కదల్లేదు. వాటిని రోత్‌కో న్యూయార్క్‌లో ఒక ఖరీదైన రెస్టారెంటు కోసం గీసి, అక్కడ పెట్టడానికి మనసొప్పక వెనక్కి తీసుకున్నాడని చెప్తే "మంచి పని చేశాడు, తింటూ చూసేవి కావు ఇవి" అంది.

పులిహోర బయట తిన్నాం, కేఫ్‌లో టీ తీసుకున్నాం. నాన్నగారు పేపర్ నాప్‌కిన్ మీద పెన్నుతో గీస్తూ ఇది బాయిలర్, ఇది టర్బైన్ ఫ్లోర్, ఇక్కడ కంట్రోల్ రూమ్, నైట్ షిఫ్టులో నా కుర్చీ ఇక్కడ అని అమ్మకి చూపించారు. పెళ్ళయి 42 ఏళ్ళు, రోజూ క్యారేజీ కట్టి పంపింది, ఆ కుర్చీ ఎక్కడుండేదో అమ్మకి నిన్నటిదాకా తెలియదు. నాప్‌కిన్ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. బ్యాటర్సీ కూడా పాత పవర్ స్టేషనే కదా, పైగా అది బొగ్గుది. నాన్నగారు పొద్దున్నించి అడుగుతున్నారు. షాపులు కాకుండా లోపల పాత కంట్రోల్ రూమ్ ఏమైనా చూడనిస్తారా?