ఉత్తరాల కట్టను విడదీసి అమ్మడం తప్పా?

సిరామరక:
ఫ్రెంచి కవి, చిత్రకారుడు జాఁ కోక్తో చేతిరాత ఉత్తరం ఒకటి కొన్నాను. ఒకే కాగితం, నాలుగు మడతలు, కింద "జాఁ" అని సంతకం, పక్కనే ఆయన ఎప్పుడూ వేసే నక్షత్రం. చేతికి వచ్చిన రోజు నాకు పండగే. తర్వాత తెలిసింది, అది ఒకే స్నేహితుడికి రాసిన ఇరవై పైచిలుకు ఉత్తరాల్లో ఒకటని. అమ్మినాయన కట్ట విప్పి తలా ఒకటి పంచేశారు. నా ఉత్తరంలో తేదీ లేదు, "మంగళవారం" అని మాత్రమే ఉంది. కవరు ఎప్పుడో పారేశారట. దాని మీది తపాలా ముద్ర ఉంటే ఏ సంవత్సరమో తేలిపోయేది. ముందు ఉత్తరంలో చెప్పిన సంగతినే ఇందులో కొనసాగించాడు, ఆ సంగతేమిటో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది? కట్ట విప్పడం తప్పనే నేనంటాను.

పాతకాగితం:
సిరామరక గారూ, విప్పబట్టే కదా మీకు దొరికింది! ఇరవై ఉత్తరాలూ కలిపి అమ్మితే మీరూ నేనూ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళం. 2003లో ఫ్రెంచి రచయిత ఆంద్రె బ్రెతోఁ ఇంటి సామాను పారిస్‌లోని ద్రువో వేలంశాలలో అమ్మినప్పుడూ ఇదే గొడవ. నాలుగు వేలకు పైగా అంశాలు, దాదాపు 46 మిలియన్ యూరోలు. బయట నిరసనలు కూడా జరిగాయి. అయినా ఫ్రాన్స్ ప్రభుత్వానికి పాట ముగిశాక అదే ధరకు వస్తువును తనే తీసుకునే హక్కుంది, దాన్ని చాలాసార్లు వాడుకుంది. ముఖ్యమైనవి గ్రంథాలయాలకు చేరాయి, మిగతావి ఇష్టపడేవాళ్ళకు చేరాయి. నాకు అందులో ఘోరమేమీ కనిపించలేదు.

ముద్దుబిడ్డ:
అసలు ఒకరి సొంత ఉత్తరాలు మనం కొనడమేమిటి? బ్రెతోఁ తన ఉత్తరాలను తను పోయిన యాభై ఏళ్ళ దాకా అచ్చు వేయవద్దని వీలునామాలో రాశాడు. 1966లో పోయాడు, అంటే 2016 వరకు. ఆ మాటకు విలువ లేదా?

పాతకాగితం:
అచ్చు వేయవద్దన్నాడు, దాచుకోవద్దనలేదు కదా. కాగితం కొన్నవాడిది, అందులోని రాత వారసులది. కోక్తో పోయింది 1963లో, కాబట్టి ఫ్రాన్స్‌లో ఆయన రాతల మీద హక్కు 2033 చివరిదాకా ఉంటుంది. సిరామరక గారు ఆ ఉత్తరం ఫొటో ఇక్కడ పెట్టకపోవడమే మంచిది.

భూతద్దం:
నేను సిరామరక గారి వైపే, కానీ నా కారణం వేరు. కోక్తో పేరుతో నకిలీలు బోలెడు, ముఖ్యంగా బొమ్మలు. కవులు బొమ్మలు గీయరు, చేతిరాత ముడి విప్పి వేరేగా మళ్ళీ కడతారు అని 1923లో తన బొమ్మల పుస్తకాన్ని పికాసోకు అంకితమిస్తూ ఆయనే అన్నాడు. అందుకే ఆయన సంతకాన్నీ గీతనూ విడదీసి చూడలేం. నకిలీ చేసేవాడు చూసి చూసి నెమ్మదిగా గీస్తాడు, భూతద్దం కింద గీత అంచు వణుకుతుంది, మధ్యలో ఆగిన చోట సిరా చుక్కగా పేరుకుంటుంది. అసలు చేయి ఆగకుండా పరుగెడుతుంది. అయితే ఒక్క కాగితం చూసి ఈ మాట ధైర్యంగా అనడం కష్టం. ఇరవై ఉత్తరాలు పక్కపక్కన ఉంటే ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి: అదే కాగితం, అదే మడత, నిన్నటి ప్రశ్నకు నేటి జవాబు. ఇరవై అబద్ధాలను ఇలా అతకడం ఎవరి తరం? కట్ట విప్పిన రోజే ఆ సాక్ష్యం పోతుంది. అమ్మేవాళ్ళకు ఇది బాగా తెలుసు. విప్పితే లాభమనీ తెలుసు.

పాతకాగితం:
లాభం గురించే అయితే అరిస్తోఫిల్ కథ గుర్తుచేసుకోండి. రాతప్రతులను వాటాలు వేసి దాదాపు 18,000 మందికి అమ్మిన ఫ్రెంచి సంస్థ. 2014లో సోదాలు, మరుసటి ఏడు దివాలా. తమ వాటా కాగితాన్ని ఒక్కసారైనా ముట్టుకోని వాళ్ళు ఎంతమందో! 2017 చివర్లో మొదలైన వేలాలు ఏళ్ళ తరబడి సాగాయి. దానికంటే ఒక మనిషి ఒక ఉత్తరం కొని రోజూ తీసి చూసుకోవడం నయం.

భూతద్దం:
రోజూ తీసి చూసుకోకండి మహాప్రభో! వెలుతురుకు సిరా వెలిసిపోతుంది. గోడకు మాత్రం అసలు వద్దు.

సిరామరక:
గోడకు కట్టలేదు, పెట్టెలోనే ఉంది. మొన్న అమ్మినాయనకు మెయిలు రాశాను. కట్ట విప్పేముందు తీసిన ఫొటోలు ఆయన దగ్గరున్నాయట, పద్నాలుగు పంపారు. ఒకదానిలో పైన "సోమవారం" అని ఉంది. మడత నాదానిలాగే కొంచెం వంకరగా పడింది.